కొబ్బరి ఈనెలతో కార్బన్ నానోట్యూబు: 50 కోట్ల రెట్ల నమూనా, పని డైరీ

మళ్లీ చేయాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. నేను నరసాపురం దగ్గర ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. బజారులో దొరికే ప్లాస్టిక్ బంతుల మోడల్ నానోట్యూబు ఆకారం చూపిస్తుంది గానీ, లాగితే ఏమవుతుందో, వంచితే ఎక్కడ మడత పడుతుందో చూపించదు. నాకు కావలసింది ఆ రెండోది. ఆరు నెలల్లో మూడు ట్యూబులు కట్టాను. మొదటి రెండూ పనికిరాలేదు. ఎందుకు పనికిరాలేదన్నదే ఇక్కడ ఎక్కువగా ఉంటుంది.

దశ 0: స్కేలు, లెక్క (మార్చి 9)

గ్రాఫీన్ అంటే ఒకే పరమాణువు మందంతో, షడ్భుజి గళ్లతో ఉండే కార్బన్ పలక. అందులో పక్కపక్క కార్బన్ పరమాణువుల మధ్య దూరం 0.142 నానోమీటర్లు. నమూనాలో దాన్ని 71 మిల్లీమీటర్లు చేశాను. అంటే సరిగ్గా 50 కోట్ల రెట్లు. ఈ స్కేలులో తల వెంట్రుక మందం ముప్పై, నలభై కిలోమీటర్లు అవుతుంది. నరసాపురంలో ఒక అంచు పెడితే రెండో అంచు భీమవరం దాటాక తేలుతుంది.

గ్రాఫీన్ పలకను చాపలా చుట్టి అంచులు కలిపితే నానోట్యూబు. ఏ దిశలో, ఎన్ని గళ్లు దాటి కలిపామో రెండు అంకెలు చెబుతాయి. వ్యాసం కావాలంటే ఆ అంకెలను n, m అనుకుని 0.246 ÷ π × √(n² + nm + m²) లెక్క కట్టాలి. జవాబు నానోమీటర్లలో వస్తుంది. నేను ఎంచుకున్నది (5,5). వ్యాసం 0.678 నానోమీటర్లు, నమూనాలో 339 మిల్లీమీటర్లు. దీన్నే ఎంచుకోవడానికి కారణం దశ 5లో వస్తుంది.

ముక్కల లెక్క:

1. వలయాలు 16, వలయానికి 10 పరమాణువులు. మొత్తం 160 కీళ్లు.
2. వలయంలో అడ్డ పుల్లలు 5 చొప్పున 80.
3. వలయాల మధ్య ఏటవాలు పుల్లలు 10 చొప్పున, 15 సందుల్లో 150. మొత్తం పుల్లలు 230.
4. సందుకు 61.5 మి.మీ. చొప్పున ఎత్తు 922 మి.మీ.

ఇంత పని చేసినా ఇది నిజంలో 1.84 నానోమీటర్ల పొడవు ముక్క మాత్రమే. ఒక మైక్రోమీటరు పొడవున్న ట్యూబును ఇదే స్కేలులో కట్టాలంటే అర కిలోమీటరు స్థలం కావాలి.

దశ 1: ఈనెలు (మార్చి 10 – 30)

కొబ్బరి ఈనె చవక, నిటారుగా ఉంటుంది, వంచినా తిరిగి లేస్తుంది. నేను చేసిన తప్పు పచ్చి ఆకు నుంచి తీయడం. 230 పుల్లలు కోసి పెట్టుకున్నాను. పన్నెండు రోజులకు ఆరి 2.3 మి.మీ. మందం 1.9కి దిగింది. పొడవు పెద్దగా మారలేదు కానీ రబ్బరు ట్యూబులో పెడితే జారి కింద పడ్డాయి. మొత్తం పొయ్యిలోకి పోయాయి.

రెండో తప్పు, ఈనె ఎక్కడ కోసినా ఒకటే అనుకోవడం. మొదట్లో 3 మి.మీ., కొసకు 1 మి.మీ. ఉంటుంది. గుండ్రటి పుల్ల వంపుకు ఎదురునిలిచే బలం వ్యాసం నాలుగో ఘాతంతో మారుతుంది. మందం మూడు రెట్లు తేడా అంటే బలం 81 రెట్లు తేడా. అలాంటి పుల్లలు కలిపి కట్టిన ట్యూబును కొలిస్తే ఆ అంకె దేనికి చెందుతుందో చెప్పలేం.

మార్చింది ఇది:

1. చెట్టు మీదే ఎండిన ఆకుల ఈనెలు మాత్రమే తీశాను.
2. ఇనుప రేకుకు 2.0, 2.3 మి.మీ. డ్రిల్ బిట్లతో రెండు రంధ్రాలు పెట్టాను. పెద్దదాంట్లో దూరి చిన్నదాంట్లో దూరని భాగమే ఉంచాలి. వెర్నియర్‌తో ఒక్కొక్కటి కొలిచే పని తప్పింది.
3. నడిమి నుంచి నడిమికి 71 రావాలంటే పుల్ల 65 మి.మీ. కోయాలి. మిగతాది కీలు తినేస్తుంది.

ఒక్కో ఈనెకు రెండో మూడో ముక్కలు వస్తాయి. 230 పుల్లలకు 104 ఈనెలు పట్టాయి.

*ఇప్పటికి: ఖర్చు 40 రూపాయలు (కోత బ్లేడు), 9 గంటలు.*

దశ 2: సైకిల్ వాల్వు ట్యూబు కీళ్లు (ఏప్రిల్ 2 – 14)

20 మి.మీ. వాల్వు ట్యూబు ముక్క, నడుమ తుమ్మ ముల్లుతో రంధ్రం. రెండు పుల్లలు రెండు కొసల్లో, మూడోది రంధ్రంలో. అగ్గిపుల్లల బొమ్మలు చేసిన పిల్లలందరికీ తెలిసిన కీలే. 160 కీళ్లు రెండు ఆదివారాల్లో అయిపోయాయి.

నిలబెట్టగానే పక్కకు ఒరిగింది. పడుకోబెడితే 339 మి.మీ. వృత్తం 415 × 250 కోడిగుడ్డు అయింది. చేత్తో నొక్కితే చాపలా చదునై అలాగే ఉండిపోయింది. పుల్ల ఒక్కటీ విరగలేదు, కీలు ఒక్కటీ ఊడలేదు.

దీనికి భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ 1864లో చెప్పిన లెక్క ఉంది. స్వేచ్ఛగా తిరిగే కీళ్లతో కట్టిన చట్రం బిగుసుకోవాలంటే పుల్లల సంఖ్య కనీసం 3 × కీళ్లు − 6 ఉండాలి. నా ట్యూబుకు 3 × 160 − 6 = 474. ఉన్నవి 230. లోటు 244. ఇంకా 244 పుల్లలు అడ్డంగా వేస్తే గానీ నిలబడదు. కార్బన్ మాత్రం ఆ అదనపు పుల్లలు లేకుండానే నిలుస్తోంది. ఎందుకంటే అక్కడ కీలు తిరగదు. ఒక్కో పరమాణువు దగ్గర మూడు బంధాలు 120 డిగ్రీల కోణాన్ని పట్టుకుని ఉంటాయి, ఆ కోణం మార్చాలంటే శక్తి ఖర్చవుతుంది. నేను పొడవును నమూనా చేశాను గానీ కోణాన్ని చేయలేదు. ఈ మాట పుస్తకంలో ఎన్నోసార్లు చదివాను. చదునైన ట్యూబును చేతుల్లో పట్టుకున్నప్పుడు గానీ అర్థం కాలేదు.

కాపీ చేసేవాళ్లు ఈ దశ వదిలేయకండి. ఆరు గళ్ల చిన్న ముక్క అయినా కట్టి పిల్లల చేతికివ్వండి.

*ఇప్పటికి: 100 రూపాయలు (వాల్వు ట్యూబు 4 మీటర్లు, 60), 23 గంటలు.*

దశ 3: హవాయి చెప్పు బిళ్లలు (ఏప్రిల్ 20 – మే 18)

కోణం పట్టుకునే కీలు కావాలి. పాత హవాయి చెప్పుల అడుగు నుంచి 24 మి.మీ. పంచితో బిళ్లలు కొట్టాను. ఆరు చెప్పులు పట్టాయి. బిళ్ల అంచు నుంచి నడుముకు 120 డిగ్రీల ఎడంలో మూడు రంధ్రాలు, కాల్చిన సైకిల్ స్పోక్‌తో. పొగ ఘాటుగా వస్తుంది, ఆరుబయటే చేయాలి.

చేతి అంచనాతో పెట్టిన మొదటి ఇరవై బిళ్లల కోణాలు 111 నుంచి 131 దాకా వచ్చాయి. మా వీధి వడ్రంగి దగ్గరికి వెళ్లాను. చెక్కదిమ్మకు గుండ్రటి గుంట, దానికి మూడు గాళ్లు తీయమని బొమ్మ గీసిచ్చాను. బొమ్మ చూసి ఆయన, "మాస్టారూ, గాడి ఎడల్పు చెప్పారు గానీ లోతు చెప్పలేదు. బిళ్ల మందంలో సగానికి రాకపోతే పుల్ల ఏటవాలుగా పోద్ది కదా" అన్నాడు. నేను ఆలోచించని సంగతి. బిళ్ల 15 మి.మీ. మందం, గాడి 7.5 లోతుకు తీశాడు. తర్వాతి కోణాలన్నీ 118 – 122 మధ్య వచ్చాయి.

ట్యూబు నిలబడింది. సంతోషించి తూకానికి పెట్టాను.

లాగే పరీక్ష ఇలా:

1. ట్యూబును దూలానికి నిలువుగా వేలాడదీయాలి.
2. నడుమ పది సందుల పొడవు (615 మి.మీ.) గుర్తు పెట్టాలి.
3. నడుమ వలయం చుట్టుకొలత దర్జీ టేపుతో కొలవాలి.
4. కింద నీళ్ల సీసా కట్టి, రెండు నిమిషాలు ఆగి, రెండూ మళ్లీ కొలవాలి.

అర కిలోకు పొడవు 615 నుంచి 634కి సాగింది, 3.1 శాతం. చుట్టుకొలత 1068 నుంచి 1039కి తగ్గింది, 2.7 శాతం. నిష్పత్తి 0.88. దీన్నే పాయిజాన్ నిష్పత్తి అంటారు. గ్రాఫైట్ పొర లోపల ఈ అంకె దాదాపు 0.17. నాది ఐదు రెట్లు ఎక్కువ.

రెండు రోజులు కొలతే తప్పనుకుని మళ్లీ మళ్లీ కొలిచాను. కొలత తప్పు కాదు. పుల్ల పొడవు అసలు మారకుండా కోణం మాత్రమే మారే షడ్భుజి వలలో ఈ నిష్పత్తి 1 రావాలి, కాగితం మీద వేస్తే పది నిమిషాల లెక్క. నా ఈనె సాగదు, చెప్పు రబ్బరు మెత్తన, కాబట్టి అటువైపే వెళ్లింది. కార్బన్‌లో కోణం గట్టిది, దాంతో పోలిస్తే బంధం సాగడం మరీ అంత కష్టం కాదు. అంటే నేను మెత్తదనాన్ని తప్పు చోట పెట్టాను. కీలు గట్టిగా ఉండాలి, పుల్ల కొంచెం సాగాలి.

*ఇప్పటికి: 250 రూపాయలు (పంచి 150), 40 గంటలు.*

దశ 4: ముక్కాళ్లు (మే 25 – జులై 20)

షడ్భుజి వలను దాని తలంలో లాగితే ప్రతి పుల్లా మెలిక తిరిగిన ఎస్ ఆకారంలో వంగుతుంది. కొసల దగ్గర వంపు ఎక్కువ, సరిగ్గా మధ్యలో సున్నా. కాబట్టి అతుకును పుల్ల కొసలో కాక మధ్యలో పెడితే, అక్కడ మెత్తగా ఉన్నా కోణానికి నష్టం లేదు. పైగా ఆ మెత్తని అతుకే సాగే బంధంగా పనికొస్తుంది. ఈ ఆలోచన కోసమే ఈ డైరీ రాస్తున్నానని చెప్పినా తప్పులేదు.

అంటే పరమాణువు ఒక గట్టి ముక్కాలి. మూడు కాళ్లు, ఒక్కోటి నడుము నుంచి 33.5 మి.మీ. ఎదురెదురు కాళ్ల మధ్య 4 మి.మీ. ఖాళీ, దాని మీద 24 మి.మీ. వాల్వు ట్యూబు తొడుగు. 160 ముక్కాళ్లు, 480 కాళ్లు. 460 కాళ్లు జతకడతాయి, పై అంచున పది, కింది అంచున పది ఖాళీగా ఉంటాయి. బరువులు కట్టడానికి అవే కొక్కేలు.

ముక్కాలిని రెండు బిళ్లల మధ్య మూడు ఈనెలు పెట్టి ఎపాక్సీతో అతికించాలి. బిళ్ల దేనితో చేయాలన్న దగ్గర నెల పోయింది.

మొదట పెళ్లిపత్రికల మందపాటి అట్ట. జూన్ మూడో వారం వానలు పడేసరికి మెత్తబడి, కాళ్లు చేత్తో కదిలాయి. డెల్టాలో వానాకాలం అట్టను నమ్మి ఏదీ కట్టకూడదు.

తర్వాత పెయింటు డబ్బాల మూతలు. తడికి ఏమీ కాదు. కానీ 58 ముక్కాళ్లు చేశాక ఒకటి కిందపడితే పై బిళ్ల పొలుసులా లేచిపోయింది. మిగిలినవి గోటితో లేపి చూశాను, అన్నీ లేచాయి. ఆ మూతలు పాలీప్రొపిలీన్, దానికి ఎపాక్సీ అంటదు. ఒక ప్యాకెట్ జిగురు, పదకొండు గంటలు వృథా. ముందు రెండే చేసి మర్నాడు లాగి చూసి ఉంటే సరిపోయేది.

చివరికి నిలిచింది పీవీసీ. రొయ్యల చెరువుల గట్ల మీద విరిగిన పైపు ముక్కలు ఎన్నైనా దొరుకుతాయి.

1. పైపును నిలువుగా చీల్చి మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ఉంచాలి. మెత్తబడుతుంది. మంట మీద కాల్చకండి, పొగ ప్రమాదం.
2. రెండు పలకల మధ్య నొక్కి చల్లారనివ్వాలి. 2 మి.మీ. రేకు వస్తుంది.
3. హోల్ సాతో 22 మి.మీ. బిళ్లలు తీయాలి.
4. రెండు వైపులా గరుకు కాగితంతో రుద్దాలి. ఇది మానేస్తే మళ్లీ పెయింటు మూత కథే.
5. వడ్రంగి దిమ్మలో మూడు ఈనెలు పరిచి అతికించి, రాత్రంతా బరువు కింద ఉంచాలి.

రోజుకు పన్నెండు కంటే ఎక్కువ చేయలేకపోయాను. జులై 19కి 160 పూర్తి. ట్యూబు బరువు 560 గ్రాములు.

అదే లాగే పరీక్ష, ఈసారి 2 కిలోలతో. పొడవు 615 నుంచి 624, అంటే 1.46 శాతం. చుట్టుకొలత 1066 నుంచి 1060, అంటే 0.56 శాతం. నిష్పత్తి 0.38. గ్రాఫైట్ 0.17కు ఇంకా దూరమే, కానీ 0.88 నుంచి ఇక్కడికి రావడానికి నేను మార్చింది అతుకు ఉండే చోటు, కీలు గట్టిదనం మాత్రమే. ఇంకా దించాలంటే కాలు లావు పెంచాలి. 2.6 మి.మీ. ఈనె వాడితే వాల్వు ట్యూబు చీలుతోంది, అది ఇంకా తేలలేదు.

ఒక లోపం దాచకూడదు. తలంలో లాగినప్పుడు మధ్య అతుకు నష్టం చేయదు గానీ, ట్యూబు గోడను లోపలికి నొక్కితే అదే అతుకు మడత బందులా మడుస్తుంది. పడుకోబెడితే తన బరువుకే 354 × 322 అవుతోంది. దీన్ని బిగించడానికి తొడుగులు పొడుగు చేసి చూశాను, సాగడం పోయింది. చివరికి ట్యూబును కాకుండా పరీక్షను మార్చుకున్నాను. నానో కొలతలో బరువు లెక్కలోకే రాదు, కాబట్టి అన్ని కొలతలూ వేలాడదీసే చేస్తున్నాను. నిజం ట్యూబులు కూడా బాగా వెడల్పయితే చదునవుతాయి, అయితే అక్కడ కారణం భూమి ఆకర్షణ కాదు, ఎదురెదురు గోడల మధ్య ఉండే వాన్ డర్ వాల్స్ ఆకర్షణ.

*ఇప్పటికి: 1010 రూపాయలు (ఎపాక్సీ మూడు ప్యాకెట్లు 450, హోల్ సా 220, వాల్వు ట్యూబు 6 మీటర్లు 90), 78 గంటలు.*

దశ 5: మూత (జులై 27 – ఆగస్టు 15)

(5,5) ఎంచుకున్నది ఇందుకే. 60 కార్బన్ల ఫుల్లరీన్ బంతిని ఒక పంచభుజి నడుమ గుండా పోయే అక్షానికి అడ్డంగా సగానికి కోస్తే 30 పరమాణువుల గిన్నె వస్తుంది, అంచున సరిగ్గా పది కాళ్లు వేలాడతాయి. ట్యూబు పై అంచున ఉన్న పది ఖాళీ కాళ్లకు అవి జతపడతాయి. గిన్నెలో ఆరు పంచభుజాలు ఉంటాయి. 1985లో ఈ బంతి ఆకారం తేల్చుకునేటప్పుడు దాన్ని కనిపెట్టినవాళ్లలో ఒకరైన రిచర్డ్ స్మాలీ రాత్రి కూర్చుని కాగితం గళ్లు అతికించి చూశాడు. షడ్భుజాలు మాత్రమే అతికిస్తే మూసుకోలేదు, పంచభుజాలు కలిపాకే బంతి అయింది.

లెక్క తేలిక. బంతి మీద ప్రతి మూలలో 108 + 120 + 120 = 348 డిగ్రీలు. చదునుకు 12 తక్కువ. 60 మూలలకు 720. ఏ మూసిన బంతికైనా ఈ లోటు 720 రావాలి, సగం గిన్నెకు 360.

నేను చదును ముక్కాళ్లతోనే కట్టబోయాను, తొడుగులు వంగి సర్దుకుంటాయని. మొదటి పంచభుజి దగ్గరే నాలుగు తొడుగులు ఊడొచ్చాయి. సరే, దిమ్మలో కోణాలను 108, 126, 126గా మార్చాను. అదీ కుదరలేదు. పైనుంచి చూసిన కోణం వేరు, ఏటవాలు కాళ్ల మధ్య అసలు కోణం వేరు. ఫుల్లరీన్‌లో ప్రతి కాలూ 11.6 డిగ్రీలు కిందికి వాలుతుంది. ఆ వాలుతో అసలు కోణాలు 108, 120, 120 రావాలంటే దిమ్మ మీద గీయాల్సినవి 111.4, 124.3, 124.3. ఈ మూడు అంకెల కోసం నాలుగు రోజులు పోయాయి, మీకు పోకూడదని రాస్తున్నాను.

వాలు కోసం దిమ్మ నడుమ 7 మి.మీ. ఎత్తు వచ్చేలా వాషర్లు పేర్చాను. బిళ్లలను మరిగే నీళ్లలో మెత్తబరిచి గరిటె వెనక వైపు మీద నొక్కి కొంచెం గిన్నెలా చేశాను. 30 ముక్కాళ్లు, లోపల 40 తొడుగులు, ట్యూబుతో కలపడానికి 10. ఆగస్టు 15 సాయంత్రం మూత కూర్చుంది. పై అంచు వలయం 343 × 336 ఉండేది, మూత పడ్డాక 341 × 340. పుల్లలు నిటారుగా ఉంటాయి కాబట్టి లెక్క ప్రకారం రావలసింది 339 కాదు, 341.

మూత కడుతున్నప్పుడు మా మేనత్త వచ్చింది. ఆవిడ నలభై ఏళ్లుగా నరసాపురం లేసు అల్లుతోంది. గిన్నె చూసి, "ఐదు గళ్లదేసి కడితే టోపీ అవుద్ది అబ్బాయ్, ఏడు గళ్లదేసి చూడు" అంది. మర్నాడు తనే దారంతో అల్లి, గంజి పెట్టి ఆరేసి తెచ్చింది. నడుమ సప్తభుజి, చుట్టూ షడ్భుజాలు. బల్ల మీద పెడితే అంచు అలలుగా లేచి, నడుమ గుర్రపు జీను ఆకారం వచ్చింది. మూలలో 360 డిగ్రీలకు తక్కువైతే గిన్నె, ఎక్కువైతే జీను. కార్బన్ పలకలో సప్తభుజి వచ్చిన చోట కూడా వంపు అలాగే ఉంటుంది. ఐదును, ఏడును పక్కపక్కన పెట్టి ఇంకొకటి అల్లమంటే, "అది నాలుగు వరుసలకే సర్దుకుపోద్ది" అని అల్లకముందే చెప్పింది. అల్లాక అంచు దాదాపు చదునుగానే వచ్చింది. ఈ రెండు లేసు ముక్కలూ ఇప్పుడు నా క్లాసులో ఉన్నాయి. ఈనెలతో చేసిన దేనికంటే పిల్లలు వాటినే ఎక్కువసేపు పట్టుకుంటున్నారు.

*ఇప్పటికి: 1175 రూపాయలు (ఎపాక్సీ 150, వాల్వు ట్యూబు 15), 91 గంటలు.*

దశ 6: వంచడం, ఒక లోపం పెట్టడం (ఆగస్టు 24 – 31)

బొప్పాయి ఆకు కాడను వంచితే కొంతదాకా గుండ్రంగా వంగి, ఒక్కసారిగా లోపలి వైపు మడత పడుతుంది. ట్యూబూ అంతే. ఇద్దరం చెరో కొస పట్టుకుని మూడుసార్లు వంచాం. మడత పడిన కోణాలు 38, 35, 41 డిగ్రీలు. ఊడిన తొడుగులు వరుసగా 0, 2, 5. మొదటిసారి వదలగానే పూర్తిగా నిటారైంది. నిజం నానోట్యూబులు ఇలా మడతపడటం 1996లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశారు, వదిలితే తిరిగి నిటారవుతాయని కంప్యూటర్ లెక్కల్లో తేలింది. బొప్పాయి కాడ మాత్రం అక్కడే చిట్లుతుంది.

తర్వాత నడుమ ఒక అడ్డ పుల్ల చుట్టూ నాలుగు తొడుగులు విప్పి, ఆ జంట ముక్కాళ్లను 90 డిగ్రీలు తిప్పి మళ్లీ కలిపాను. నాలుగు షడ్భుజాలు పోయి రెండు పంచభుజాలు, రెండు సప్తభుజాలు వచ్చాయి. ముక్కల లెక్క మారలేదు. స్టోన్–వేల్స్ లోపం అంటే ఇదే. ఆ చోట గోడ 6 మి.మీ. బయటికి ఉబ్బింది. 2 కిలోలకు సాగడం 9 మి.మీ. నుంచి 10కి పెరిగింది. టేపుతో అర మిల్లీమీటరు దాకా తప్పు చదివే అవకాశం ఉంది, కాబట్టి ఆ ఒక్క మిల్లీమీటరును నేను ఇంకా ఫలితంగా లెక్కపెట్టడం లేదు. ఇలాంటి లోపాలు ఇంకో మూడు అదే వలయంలో పెట్టి కొలవాలి.

*ఇప్పటికి: 1175 రూపాయలు, 97 గంటలు. ముక్కాళ్లు 190, తొడుగులు 280. అందులో మార్చాల్సినవి 7.*

సెప్టెంబరు మొదటి వారం 7 తొడుగులు మార్చి, మిగిలిన మూడు లోపాలు పెడతాను. వడ్రంగి (9,0) ట్యూబు కోసం కొత్త దిమ్మ మొదలుపెట్టాడు. దానికి 162 ముక్కాళ్లు, 234 తొడుగులు కావాలి. ఈనెలు ఎండబెట్టే పని ముందే అయిపోయింది, అటక మీద గోనెసంచిలో ఉన్నాయి.